నగరంలో వన్యప్రకృతి: బహిరంగ కళ

నిర్వచనం, పరిధి

అడవి, వన్యమృగాలు, జలపాతం, మంచు, పొగమంచు, గోడ పగుళ్లలో మొలిచే పిచ్చి మొక్కలు వంటి, మనిషి పెంపకానికి లోబడని ప్రకృతిని నగరంలో అందరూ తిరిగే చోట నెలకొల్పే కళారూపాలు ఈ కోవలోకి వస్తాయి. వీధి, కూడలి, రేవు, పార్కు, పాడుపడిన రైల్వే యార్డు, ఫుట్‌బాల్ స్టేడియం ఏదైనా దీనికి వేదిక కావచ్చు. టికెట్ కొని లోపలికి వెళ్లి చూసే ప్రదర్శనశాల కళకు భిన్నంగా, దారిన పోయేవారికి కూడా ఇది ఎదురుపడుతుంది.

దీని సరిహద్దులు కచ్చితమైనవి కావు. ఒక పక్క ఉద్యానకళ, మరో పక్క భవన నిర్మాణం, ఇంకో పక్క పర్యావరణ పునరుద్ధరణ దీన్ని ఆనుకుని ఉంటాయి. జెఫ్ కూన్స్ 1992లో రూపొందించిన ‘పప్పీ’ ప్రస్తుతం స్పెయిన్‌లోని బిల్బావోలో గుగెన్‌హైమ్ మ్యూజియం ముందు ఉంది. 12 మీటర్లకు పైగా ఎత్తున్న ఈ కుక్కపిల్ల ఒళ్లంతా పూలమొక్కలే. ఏటా రెండుసార్లు వాటిని మారుస్తారు. మొక్కలు జీవం ఉన్నవే అయినా ఒక్క ఆకు కూడా తన ఇష్టప్రకారం పెరగడానికి అక్కడ వీలుండదు. కాబట్టి దాన్ని ఉద్యానకళగా పరిగణించడమే సబబు. ఈ కోవ కృతులను విడదీసి చూపే ప్రమాణం వాటిలో వాడిన పదార్థం కాదు. కృతి వెలిశాక దాని పెరుగుదల మీద, క్షయం మీద అదుపు ఎవరిదన్నదే అసలు ప్రమాణం. ఈ వ్యాసంలోని వర్గీకరణకు అదే ఆధారం.

పూర్వరూపాలు

వన్యప్రకృతిని జనసమ్మర్దం మధ్య నిలిపే ప్రయత్నం కొత్తది కాదు. 7వ శతాబ్దంలో పల్లవుల రేవు పట్టణమైన మామల్లపురంలో చెక్కిన గంగావతరణ శిల్పం ఇందుకు గొప్ప తార్కాణం. అర్జునుని తపస్సు అని కూడా దానికి పేరుంది. సుమారు 29 మీటర్ల పొడవు, 13 మీటర్ల ఎత్తున్న రెండు బండల మీద ఏనుగులు, సింహాలు, జింకలు, కోతులు, తపస్సు నటించే పిల్లి, మునులు, దేవతలు కలగలిసి కనిపిస్తాయి. రెండు బండల నడుమ సహజంగా ఏర్పడిన చీలికనే శిల్పులు నదిగా మలిచి, అందులో నాగులను చెక్కారు. పైన నీటి తొట్టె ఆనవాళ్లున్నందువల్ల, ప్రత్యేక సందర్భాల్లో ఆ చీలికలో నీరు పారించేవారని పండితులు భావిస్తున్నారు. రాయిని రాయిలాగే ఉంచి, దాని లోపాన్నే కథకు కేంద్రం చేసుకున్న ఆ పద్ధతి 20వ శతాబ్దపు కళాకారులు ఎంచుకున్న దారికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఐరోపాలో ఈ పని ఎక్కువగా నీటి ఫౌంటెన్ల ద్వారా జరిగింది. రోమ్‌లోని పియాజా నవోనాలో బెర్నీనీ 1651లో పూర్తిచేసిన నాలుగు నదుల ఫౌంటెన్‌లో కొండరాళ్లు, తాటిజాతి చెట్టు, సింహం, గుర్రం ఉంటాయి. అక్కడ మనిషి రూపంలో కూర్చున్న నాలుగు నదుల్లో గంగ ఒకటి. 19వ శతాబ్దంలో పారిశ్రామిక నగరాలు విస్తరించే కొద్దీ అడవిని తలపించే పార్కులు వచ్చాయి. పారిస్‌లో పాత జిప్సం గనుల మీద 1867లో తెరిచిన బ్యూట్-షోమోన్ పార్కులోని గుహ, జలపాతం మనుషులు కట్టినవే. న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు ఓమ్‌స్టెడ్, వాక్స్ 1858లో ఇచ్చిన ప్రణాళికలో ‘రాంబుల్’ అనే వంకరటింకర అడవి భాగం కూడా ఇలాంటిదే. (చూ. ఉద్యానకళ, నగర పార్కులు)

ఆధునిక చరిత్ర

1960ల చివర అమెరికాలో ల్యాండ్ ఆర్ట్ తలెత్తింది. దాని ప్రసిద్ధ కృతులు చాలావరకు ఎడారుల్లో, నగరానికి దూరంగా ఉన్నాయి. అదే కాలంలో కొందరు ఎదురు దిశలో ఆలోచించారు. కళను అడవికి తీసుకుపోవడం మాని, అడవినే నగరానికి పిలవాలన్నది వారి ఆలోచన.

వారిలో మొదట చెప్పుకోవలసిన పేరు అలన్ సోన్‌ఫిస్ట్. న్యూయార్క్‌లో ఐరోపావాసులు స్థిరపడక ముందు ఉన్న అడవిని నగరం నడిబొడ్డున మళ్లీ పెంచాలని ఆయన 1965లో ప్రతిపాదించాడు. గ్రీనిచ్ విలేజ్‌లో లాగార్డియా ప్లేస్, వెస్ట్ హ్యూస్టన్ వీధి కలిసే చోట 1978లో అది ‘టైమ్ ల్యాండ్‌స్కేప్’ పేరుతో వేరూనింది. స్థలాన్ని ఆయన అడవి ఎదుగుదలలోని మూడు దశలుగా పంచాడు. దక్షిణ భాగంలో బర్చ్ చెట్లు, పొదలు, అడవిపూలు ఉన్నాయి. నడుమ బీచ్ చెట్ల గుంపు, ఎర్ర సీడర్, నల్ల చెర్రీ పెరిగాయి. ఉత్తరాన ఓక్, తెల్ల యాష్, ఎల్మ్ వంటి పెద్ద మానులు ఉన్నాయి. బీచ్ మొక్కలను తాను చిన్నప్పుడు తిరిగిన బ్రాంక్స్‌లోని ఒక పార్కు నుంచి తెచ్చాడు. యుద్ధాలకు, నాయకులకు కట్టినట్లే నదులకు, అడవులకు కూడా స్మారకాలు ఉండాలన్నది సోన్‌ఫిస్ట్ వాదం. అయితే గాలికీ పక్షులకీ కంచె అడ్డు కాదు. నగరంలో స్థిరపడిన విదేశీ మొక్కలు, తీగలు లోపలికి వచ్చి చేరాయి. పూర్వపు అడవిని పూర్వంలాగే నిలపడానికి కలుపు తీయక తప్పలేదు. ఈ కళారంగంలోని ప్రధాన సమస్య ఆ చిన్న స్థలంలో అప్పుడే బయటపడింది.

1982 ఈ చరిత్రలో కీలక సంవత్సరం. ఆ వేసవిలో ఆగ్నెస్ డేన్స్ మాన్‌హాటన్ దక్షిణ కొసన, వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర పూడ్చిన నేల మీద రెండు ఎకరాల్లో గోధుమ పండించింది. పబ్లిక్ ఆర్ట్ ఫండ్ చేయించిన ఆ కృతికి ‘వీట్‌ఫీల్డ్: ఎ కన్‌ఫ్రంటేషన్’ అని పేరు. ఆగస్టు 16న కోత కోశారు. వెయ్యి పౌండ్లకు పైగా గింజలు వచ్చాయి. గోధుమ అడవి మొక్క కాదు. అయినా ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన స్థలాల్లో ఒకదాన్ని నేలగా, మట్టిగా చూపిన తీరు తర్వాతి తరం మీద బలమైన ముద్ర వేసింది.

అదే ఏడాది జర్మనీలోని కాసెల్‌లో, డాక్యుమెంటా 7 ప్రదర్శన సందర్భంగా యోసెఫ్ బోయిస్ ‘7000 ఓక్‌లు’ మొదలుపెట్టాడు. ఫ్రిడరిసియానమ్ మ్యూజియం ముందు 7,000 బసాల్ట్ రాళ్లను గుట్టగా పోయించాడు. ఒక్కో రాయి సుమారు 1.2 మీటర్ల ఎత్తు. నగరంలో ఎక్కడైనా ఒక చెట్టు నాటితేనే గుట్టలోంచి ఒక రాయి కదులుతుంది. కదిలిన రాయి ఆ చెట్టు పక్కనే నిలబడుతుంది. పని ఎంత జరిగిందో, ఎంత మిగిలిందో ఊరంతటికీ ఆ గుట్టే రోజూ లెక్క చెప్పేది. మ్యూజియం ముందు రాళ్లు పోయడం కొందరికి నచ్చలేదు. రెండో ప్రపంచ యుద్ధపు బాంబుదాడుల్లో ధ్వంసమై కాంక్రీటుతో తిరిగి లేచిన కాసెల్‌కు నగరపాలన కంటే నగరవనీకరణ ముఖ్యమని బోయిస్ చెప్పాడు. న్యూయార్క్‌కు చెందిన డియా ఆర్ట్ ఫౌండేషన్ తొలి పెట్టుబడి పెట్టింది. మిగిలిన డబ్బును ఆయన చందాలు వసూలు చేసి, జపాన్‌లో విస్కీ ప్రకటనలో నటించి కూడగట్టాడు. 1986 జనవరిలో బోయిస్ చనిపోయాడు. 1987లో డాక్యుమెంటా 8 ప్రారంభమైనప్పుడు చివరి చెట్టును ఆయన కుమారుడు మొదటి చెట్టు పక్కనే నాటాడు. పేరులో ఓక్ ఉన్నా లిండెన్, యాష్, మేపుల్, ప్లేన్ వంటి జాతులు కూడా వాటిలో ఉన్నాయి. నాటిననాడు చెట్టు కంటే రాయే పెద్దది. ఇప్పుడు రాయి చెట్టు మొదట్లో ఒదిగి ఉంది. కాలం గడిచే కొద్దీ కృతిలో ఏది పెరుగుతుందో, ఏది పెరగదో చూపడానికి అంతకంటే సూటి పద్ధతి మరొకటి దొరకదు.

1990లలో ఆసక్తి నాటిన చెట్ల నుంచి వాటంతట అవే మొలిచే మొక్కల వైపు మళ్లింది. 2000 తర్వాత వాతావరణ మార్పు ప్రధాన విషయమైంది. మంచుదిమ్మలు, ఎండిన అడవులు, అంతరించే జంతువుల ఆకారాలు నగర కూడళ్లకు వచ్చాయి.

రకాలు

ఈ కృతులను ప్రకృతికి వదిలిన స్వేచ్ఛను బట్టి నాలుగు రకాలుగా చూడవచ్చు. ఒకే కృతి రెండింటిలోనూ ఇమడవచ్చు.

ఆకృతిగా. ఇక్కడ జీవం ఉండదు, రూపం మాత్రమే ఉంటుంది. గోడచిత్రాలు, శిల్పాలు, వెలుగుబొమ్మలు ఈ రకానివే. బెల్జియం చిత్రకారుడు రోవా ఏ ఊరు వెళ్లినా ఆ ప్రాంతపు జంతువులను, పక్షులను భవనాల మీద నలుపు తెలుపుల్లో భారీగా గీస్తాడు. లిస్బన్‌కు చెందిన బోర్దాలో సెకండ్ చెత్తతోనే జంతువులను తయారుచేస్తాడు. న్యూయార్క్‌లో పక్షి చిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబాన్ ఒకప్పుడు నివసించిన పరిసరాల్లో 2014 నుంచి, వాతావరణ మార్పు వల్ల ముప్పున్న పక్షులను దుకాణాల షట్టర్ల మీద, గోడల మీద గీస్తున్నారు. 2015 ఆగస్టు 1 రాత్రి ఎంపైర్ స్టేట్ భవనం మీద అంతరించిపోతున్న జంతువుల బొమ్మలను 40 ప్రొజెక్టర్లతో ప్రసరింపజేశారు. 2024 ఆగస్టులో బ్యాంక్సీ తొమ్మిది రోజుల పాటు లండన్‌లో రోజుకో జంతు చిత్రం వేశాడు. గోడ అంచున మేకతో మొదలై, జూ గేటు దగ్గర జంతువులను బయటికి వదిలేస్తున్న గొరిల్లాతో ఆ వరుస ముగిసింది. 2025లో ‘ది హెర్డ్స్’ పేరుతో అట్టలతో, ప్లైవుడ్‌తో చేసిన నిలువెత్తు జంతువుల మంద కిన్షాసాలో బయల్దేరి, దారిలోని నగరాల వీధుల గుండా ఆర్కిటిక్ వలయం దాకా సాగింది.

పదార్థంగా. దూర ప్రాంతపు ప్రకృతి ముక్కను తెచ్చి నగరంలో పెట్టడం ఈ రకం లక్షణం. వాల్టర్ డి మరియా 1977లో న్యూయార్క్ వూస్టర్ వీధిలోని ఒక అంతస్తును 22 అంగుళాల లోతు మట్టితో నింపాడు. సుమారు 1,27,000 కిలోల ఆ మట్టి ‘ఎర్త్ రూమ్’ పేరుతో ఇప్పటికీ అక్కడే ఉంది. భవనంలో ఉన్నా ప్రవేశం ఉచితం. ఆండీ గోల్డ్స్‌వర్తీ 2000 జూన్‌లో, నడివేసవిలో, స్కాట్లాండ్ నుంచి తెచ్చి శీతల గోదాముల్లో దాచిన 13 భారీ మంచుబంతులను లండన్ వీధుల్లో వదిలాడు. అవి కరిగే కొద్దీ లోపలి గింజలు, ఉన్ని, ఈకలు, ముళ్లతీగ బయటపడ్డాయి. ఓలఫర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి చేసిన ‘ఐస్ వాచ్’లో గ్రీన్‌లాండ్ హిమానీనదాల నుంచి విడిపడి సముద్రపు పాయలో తేలుతున్న మంచుదిమ్మలను కోపెన్‌హాగెన్ (2014), పారిస్ (2015), లండన్ (2018) నగరాలకు చేర్చారు. పారిస్‌లో వాతావరణ సదస్సు జరుగుతున్నప్పుడు పాంథియన్ ముందు 12 దిమ్మలను గడియారం అంకెల్లా పేర్చారు. జనం వాటిని తాకారు, చెవి ఆనించి లోపలి గాలిబుడగలు పగిలే చప్పుడు విన్నారు.

మయా లిన్ ‘ఘోస్ట్ ఫారెస్ట్’ (2021) కూడా ఇందులోకే వస్తుంది. న్యూజెర్సీ తీరంలో ఉప్పునీరు చొరబడి చనిపోయిన 49 అట్లాంటిక్ తెల్ల సీడర్ చెట్లను ఆమె మాన్‌హాటన్‌లోని మాడిసన్ స్క్వేర్ పార్కులో నిలిపింది. సుమారు 40 అడుగుల ఎత్తున్న ఆ మోళ్లు పచ్చటి చెట్ల నడుమ మే నుంచి నవంబరు వరకు ఉన్నాయి. ఒకప్పుడు ఆ దీవిలో తిరిగిన జంతువుల, పక్షుల అరుపులను ఫోన్‌లో వినే ఏర్పాటు కూడా చేశారు. కళాకారులు సాధారణంగా ప్రకృతి సౌందర్యాన్ని నగరానికి తెస్తారు. మయా లిన్ దాని శవాన్ని తెచ్చింది. వాతావరణ కృతుల్లో ఇది బలంగా నిలవడానికి కారణం అదే.

శబ్దం, నీరు, ఆవిరి కూడా పదార్థాలే. బిల్ ఫోంటానా 1994లో నార్మండీ తీరపు అలల హోరును ప్రత్యక్షంగా పారిస్‌లోని ఆర్క్ ద ట్రియోంఫ్‌కు ప్రసారం చేశాడు. చుట్టూ తిరిగే వాహనాల రొద ఆ హోరులో మునిగిపోయింది. ఫుజికో నకాయా 1970 ఒసాకా ప్రదర్శన నుంచి పొగమంచుతో శిల్పాలు చేస్తోంది. వాటి ఆకారాన్ని నిర్ణయించేది గాలే.

జీవంతో. నాటి, పెంచి, కాలానికి అప్పగించే కృతులివి. సోన్‌ఫిస్ట్, బోయిస్‌లతో పాటు పట్రీషియా జోహాన్సన్ పేరు ఇక్కడ ముఖ్యం. డాలస్ నగరంలో ‘ఫెయిర్ పార్క్ లగూన్’ (1981–86) చేపట్టేనాటికి ఆ చెరువు ఎరువుల మురుగుతో నాచు పట్టి, గట్లు కోసుకుపోతూ ఉంది. జోహాన్సన్ స్థానిక నీటిమొక్క, ఫెర్న్ ఆకారాల్లో వంపులు తిరిగే ఎర్రటి దారులను నీటి మీద నిర్మించింది. అవి గట్టును కాపాడతాయి, పిల్లలకు వంతెనలవుతాయి, తాబేళ్లకూ పక్షులకూ నెలవులవుతాయి. ఒడ్డున స్థానిక మొక్కలు నాటాక చేపలు, పక్షులు తిరిగి చేరాయి. మెల్ చిన్ 1991లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరపు చెత్తదిబ్బ మీద, నేలలోని భారలోహాలను పీల్చే మొక్కలతో ‘రివైవల్ ఫీల్డ్’ వేశాడు. వృక్షశాస్త్రజ్ఞుడు పాట్రిక్ బ్లాంక్ నిలువు తోటలు పారిస్ కే బ్రాన్లీ మ్యూజియం గోడ మీద, మాడ్రిడ్ కైషాఫోరమ్ పక్కన ప్రసిద్ధం. ఉష్ణమండలపు కొండచరియల మీద మట్టి లేకుండా బతికే మొక్కలే వాటికి నమూనా.

స్వేచ్ఛగా. కళాకారుడు స్థలం మాత్రమే ఇచ్చి తప్పుకునే కృతులు ఈ నాలుగో రకం. ఇవి సంఖ్యలో తక్కువ, భావంలో లోతైనవి. హెర్మన్ డి ఫ్రీస్ 1997లో జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో కట్టిన ‘సాంక్టువారియం’ 14 మీటర్ల వ్యాసం, సుమారు 3 మీటర్ల ఎత్తున్న గుండ్రటి ఇటుక గోడ. దానికి ద్వారం లేదు. నాలుగు కోడిగుడ్డు ఆకారపు కంతల్లోంచి లోపలికి చూడవచ్చు, అంతే. గోడ మీద ఈశావాస్యోపనిషత్తులోని పూర్ణమదః శాంతి మంత్రం సంస్కృతంలో బంగారు అక్షరాలతో ఉంది. లోపల ఏం మొలవాలో ఎవరూ నిర్ణయించరు, ఎవరూ కోయరు. లోయిస్ వైన్‌బెర్గర్ అదే ఏడాది కాసెల్‌లో వాడుకలో లేని రైలు పట్టాల మీద 100 మీటర్ల పొడవున దక్షిణ, ఆగ్నేయ ఐరోపా కలుపు మొక్కలను పెరగనిచ్చాడు. సరిహద్దులు దాటి వచ్చే మనుషుల ప్రస్తావన ఆ మొక్కల్లో ఉంది. అబ్రహాం క్రుస్‌బియేగాస్ ‘ఎంటీ లాట్’ (2015) లండన్ టేట్ మోడర్న్ హాలులో నెలకొంది. నగరంలోని పార్కుల మట్టిని 240 త్రికోణపు తొట్లలో నింపి, ఏమీ నాటకుండా నీళ్లు పోసి చూశారు.

ఈ రకంలో అన్నింటికంటే విస్తృతమైనది బెర్లిన్‌లోని షోనెబెర్గ్ జూడ్‌గెలెండే ప్రకృతి పార్కు. 1952లో మూతపడిన రైల్వే యార్డులో దశాబ్దాల పాటు చెట్లు తమంతట తామే పెరిగాయి. కొట్టివేయాలన్న ప్రతిపాదనను స్థానికులు అడ్డుకున్నారు. 2000లో 18 హెక్టార్ల పార్కుగా తెరిచినప్పుడు ఓడియస్ అనే శిల్పుల బృందం పట్టాల మీదుగా, నేలను తాకకుండా సాగే ఇనుప నడకదారిని, శిల్పాలను అమర్చింది. జీవశాస్త్రజ్ఞుడు ఇంగో కోవారిక్ ప్రకృతిని నాలుగుగా విభజించాడు: మిగిలి ఉన్న ఆదిమ ప్రకృతి, వ్యవసాయ ప్రకృతి, ఉద్యాన ప్రకృతి, పాడుపడిన నగర స్థలాల్లో దానంతట అదే పుట్టే ప్రకృతి. ఆ నాలుగో ప్రకృతి విలువను తేల్చిచెప్పిన చోటు ఈ యార్డు. (చూ. నగర జీవావరణ శాస్త్రం; రీవైల్డింగ్)

పనిచేసే తీరు

నగరం మొక్కకు కష్టమైన చోటు. నేల గట్టిపడి ఉంటుంది. కాంక్రీటు వేడిని పట్టి ఉంచుతుంది. వేళ్ల కింద కేబుళ్లు, పైపులు ఉంటాయి. అందువల్ల కనిపించే కృతి వెనుక కనిపించని ఇంజినీరింగు చాలా ఉంటుంది. బ్లాంక్ నిలువు తోటలో భవనపు గోడకు ఎడంగా లోహపు చట్రం, దాని మీద సెంటీమీటరు మందం పీవీసీ పలక, ఆ పైన రెండు పొరల ఫెల్ట్ గుడ్డ ఉంటాయి. పై నుంచి పోషకాలు కలిపిన నీరు నిర్ణీత వేళల్లో జారుతుంది. మొక్కల వేళ్లు ఫెల్ట్‌లో అల్లుకుంటాయి. మట్టి లేనందువల్ల చదరపు మీటరుకు బరువు 30 కిలోలకు లోపే. నకాయా పొగమంచుకు శుద్ధమైన నీటిని అధిక పీడనంతో అతిసన్నని నాజిళ్లలోంచి పంపుతారు.

పెరిగిన చెట్లను తరలించడం అన్నింటికంటే భారమైన పని. 2019లో క్లావుస్ లిట్‌మన్ ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫుర్ట్‌లో 30,000 మంది పట్టే ఫుట్‌బాల్ స్టేడియం మైదానంలో 299 చెట్లను నిలిపాడు. మాక్స్ పైంట్‌నర్ 1970ల మొదట్లో గీసిన ఒక పెన్సిల్ చిత్రం దీనికి ప్రేరణ. ప్రకృతి ఒకనాడు ప్రదర్శన వస్తువుగా మిగిలిపోతుందని ఆ చిత్రం సూచిస్తుంది. ‘ఫర్ ఫారెస్ట్’ అనే ఈ కృతిలో కొన్ని చెట్లు ఒక్కోటి ఆరు టన్నుల దాకా బరువు తూగాయి. వాటిని వేరుగడ్డలతో సహా తెచ్చి పేర్చారు. సెప్టెంబరు 8 నుంచి అక్టోబరు 27 వరకు ఉచిత ప్రవేశం. ప్రేక్షకులు కుర్చీల్లో కూర్చుని ఆకులు రంగు మారడం చూశారు.

భారతదేశంలో

చండీగఢ్ రాక్ గార్డెన్ ఈ విషయంలో విలక్షణమైనది. ప్రజా పనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన నేక్‌చంద్ 1957 నుంచి సుఖ్నా సరస్సు దగ్గరి రక్షిత అటవీ భూమిలో, ఎవరికీ తెలియకుండా, రాత్రివేళల్లో ఈ తోటను నిర్మించాడు. లె కార్బూజియె గీసిన ప్రణాళికాబద్ధ నగరం కోసం పడగొట్టిన పల్లెల శిథిలాలు, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, నది రాళ్లు అతని సామగ్రి. వాటితో పక్షులు, జంతువులు, మనుషుల వరుసలు చేశాడు. విషయం 1970ల నడుమ బయటపడింది. చట్టప్రకారం కూల్చవలసిన ఆ నిర్మాణాన్ని అధికారులు 1976లో ప్రజలకు తెరిచారు. 1990 ప్రాంతంలో బుల్‌డోజర్లు వచ్చినప్పుడు జనం అడ్డు నిలబడి కాపాడుకున్నారు.

ఇటీవలి కాలంలో అంతర్జాతీయంగా పేరు పొందినది నీలగిరుల లంటానా ఏనుగుల మంద. తెలుగునాట తలంబ్రాల చెట్టు అని పిలిచే లంటానా, వలసపాలకులు అలంకారం కోసం తెచ్చిన అమెరికా ఖండపు మొక్క. ఇప్పుడది భారతీయ అడవుల్లో విపరీతంగా వ్యాపించి గడ్డిని మింగేసి, ఏనుగులకు, జింకలకు మేత లేకుండా చేస్తోంది. తమిళనాడులోని గూడలూరు ప్రాంతానికి చెందిన బెట్టకురుంబ, పణియ, కాట్టునాయకన్, సోలిగ ఆదివాసులు ఆ కంపను నరికి, ఉడకబెట్టి, బెరడు ఒలిచి, ఇనుప చట్రం మీద అల్లి నిలువెత్తు ఏనుగులను తయారుచేస్తారు. తమ ఊళ్ల దగ్గర తిరిగే నిజమైన ఏనుగులే వాటికి నమూనాలు. అవి 2021లో లండన్ పార్కుల్లో, 2024 ఆరంభంలో బెంగళూరు లాల్‌బాగ్‌లో నిలిచాయి. అదే ఏడాది అమెరికా చేరి న్యూపోర్ట్, న్యూయార్క్, మయామీ బీచ్‌లలో నూరు ఏనుగుల మందగా కనిపించాయి. అమ్మకాల సొమ్ము వన్యప్రాణులతో సహజీవనం సాగించే ప్రజల కార్యక్రమాలకు చేరుతుంది. పదార్థం, పనివారు, విషయం మూడూ ఒకే అడవివి కావడం వల్ల ఈ మంద సాధారణ జంతు శిల్పాల కంటే ఎంతో ముందుంది. కంప నరికినంత మేర అడవికి ఊపిరి ఆడుతుంది.

హైదరాబాద్‌లో పరిస్థితి కొంత వేరు. అక్కడ కళాకారుడు తేనవసరం లేకుండానే సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుండ్లు ఒకదానిపై ఒకటి నిలిచిన శిల్పాల్లా నగరమంతా ఉండేవి. భవన నిర్మాణంలో చాలా భాగం పేలుడు పదార్థాలకు బలయ్యాయి. రాళ్ల సంరక్షణ కోసం 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ వంటి సంఘాల కృషి వల్ల కొన్నింటికి వారసత్వ హోదా దక్కింది. మాదాపూర్ శిల్పారామంలోని ‘బేర్స్ నోస్’, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని పుట్టగొడుగు బండ అలా మిగిలినవే. వీటిని బహిరంగ కళ అనడం కచ్చితం కాదు గానీ, ఉన్నదాన్ని ఉండనివ్వడం కూడా ఈ రంగానికి సంబంధించిన నిర్ణయమే. తెలంగాణ అటవీ శాఖ యాదాద్రి నమూనా పేరుతో పెంచుతున్న దట్టమైన స్థానిక జాతుల వనాలు కళాకృతులుగా ఉద్దేశించినవి కావు. అయినా టైమ్ ల్యాండ్‌స్కేప్ వెనుక ఉన్న ఊహకు అవి దగ్గరి చుట్టాలే. (చూ. మియవాకీ వనాలు)

ప్రాధాన్యం

మనిషికి ఇతర జీవుల పట్ల సహజమైన ఆకర్షణ ఉంటుందని జీవశాస్త్రజ్ఞుడు ఇ. ఒ. విల్సన్ 1984లో బయోఫిలియా పేరుతో ప్రతిపాదించాడు. ఈ కళను సమర్థించేవారు తరచుగా దాన్ని ఉదహరిస్తారు. దానికి తోడు మూడు ఫలితాలు గమనార్హం. నగరం కింద పూడుకుపోయిన నేల చరిత్ర జ్ఞాపకానికి వస్తుంది. దూరాన జరుగుతున్న నష్టం, ఉదాహరణకు మంచు కరగడం, చేతికి అందేంత దగ్గరవుతుంది. జోహాన్సన్ చెరువు వంటి చోట్ల జీవావరణం నిజంగానే మెరుగుపడుతుంది. మొదటి రెండూ చూసేవారి మనసులో జరిగేవి. మూడోది మాత్రం చేపలకు, పక్షులకు కూడా ఉపయోగపడేది. ఆ కారణంగానే అది ఎక్కువ గౌరవానికి తగినది.

విమర్శలు

తరచుగా వినిపించే విమర్శ వ్యయం గురించి. అంత డబ్బుతో నిజమైన అడవినే కాపాడవచ్చు కదా అన్న ప్రశ్న దాదాపు ప్రతి పెద్ద కృతికీ ఎదురైంది. క్లాగెన్‌ఫుర్ట్‌లో అది రాజకీయ వివాదంగా మారింది. మంచుదిమ్మలను ఓడల్లో తేవడం వల్ల వెలువడే కర్బన వాయువుల మీద కూడా చర్చ సాగింది. ఎలియాసన్ బృందం ఆ లెక్కలను వేయించి ప్రకటించింది.

అనుకోని హాని మరో సమస్య. ఎలియాసన్ 2008లో న్యూయార్క్ ఈస్ట్ నది తీరాన పరంజాల మీద 90 నుంచి 120 అడుగుల ఎత్తున్న నాలుగు జలపాతాలను ఏర్పాటు చేశాడు. చేపలు పంపుల్లో చిక్కుకోకుండా జాగ్రత్తపడ్డారు. కానీ ఆ నది నీరు ఉప్పన. తుంపరలు గాలికి ఎగిరి బ్రూక్లిన్ ఒడ్డున ఉన్న చెట్ల ఆకులను మాడ్చాయి. జలపాతాలు నడిచే వేళలను సగానికి తగ్గించారు.

పచ్చదనం ముసుగులో స్థలాల ధరలు పెరిగి పేదలు వెళ్లిపోవలసి రావడం, కాలుష్య కారక సంస్థలు స్పాన్సర్లుగా పేరు తెచ్చుకోవడం కూడా విమర్శకు గురయ్యాయి. జంతు శిల్పాలు అందంగా ఉండే పెద్ద జంతువులకే పరిమితమవుతున్నాయన్న ఆక్షేపణలో న్యాయం ఉంది. కీటకాలకు, శిలీంధ్రాలకు నిలువెత్తు విగ్రహాలు అరుదు.

చట్టం, యాజమాన్యం

భారతదేశంలో కాపీరైట్ చట్టం 1957లోని 57వ సెక్షను కళాకారుల నైతిక హక్కులను గుర్తిస్తుంది. విజ్ఞాన్ భవన్ నుంచి తొలగించి పాడుచేసిన కంచు కుడ్యశిల్పం విషయంలో 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. అది లోహపు కృతి. పెరిగే కృతి విషయంలో చిక్కు ఎక్కువ.

అమెరికాలో ఆ చిక్కును తేల్చిన కేసు షికాగోది. చిత్రకారుడు చాప్‌మన్ కెల్లీ 1984లో గ్రాంట్ పార్కులో రెండు భారీ అండాకారపు మడుల్లో ‘వైల్డ్‌ఫ్లవర్ వర్క్స్’ పేరుతో స్థానిక అడవిపూలు పెంచాడు. స్వచ్ఛంద కార్యకర్తల సాయంతో రెండు దశాబ్దాలు అది కొనసాగింది. 2004లో పార్కు యాజమాన్యం దాన్ని సగానికంటే తక్కువకు కుదించి, ఆకారం మార్చి, మొక్కలు కొన్నింటిని తీసేసింది. దృశ్య కళాకారుల హక్కుల చట్టం కింద కెల్లీ దావా వేశాడు. 2011లో ఏడవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం అతని వాదనను తిరస్కరించింది. తోట రూపం ప్రధానంగా ప్రకృతి శక్తుల వల్ల ఏర్పడుతుందని, అది నిరంతరం మారుతుంది గనుక కాపీరైటుకు కావలసిన కర్తృత్వం, స్థిరత్వం దానికి లేవని పేర్కొంది. అంటే కృతిని వన్యమైనదిగా నిలిపే గుణమే దానికి చట్టరక్షణ లేకుండా చేసింది. ఆ దేశంలో ఇలాంటి కృతికి భద్రత కావాలంటే ఒప్పందంలోనే రాసుకోవాలి: స్థలం ఎన్నేళ్లు, నీళ్లు ఎవరు పోయాలి, ఏది కలుపు, ఏది కృతిలో భాగం, చెట్టు చనిపోతే తిరిగి నాటే బాధ్యత ఎవరిది. కాసెల్‌లో ఆ చివరి బాధ్యత నగరానిదే. అక్కడ చెట్టు పోయినా దాని పక్కని బసాల్ట్ రాయిని ఉంచి, అదే చోట కొత్త మొక్క నాటుతారు.